మోతి ఒక్కపొద్దు

పోచంపల్లిలో అండాలు ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక పొట్టి గోడ. ఆ గోడ మీదుగా నేను ఏదో ఒకటి అడగని రోజు లేదు. ఏం వండినవు, ఎవరొచ్చిండ్రు, ఎందుకు దగ్గుతున్నవు... వాడకట్టులో నన్ను చూస్తే కొందరు తలుపులు దగ్గరకు వేసుకుంటారు. అండాలు మాత్రం వేసుకోదు. వేసుకునే ఓపిక లేకనే కావచ్చు.

అండాలు పదహారేళ్లకు ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. మూడోనాడే ఆసు ముందు కూర్చోబెట్టారు. చీరకు రంగులు అద్దే ముందు దారాన్ని ఆసు మీద పోయాలి. ఒక చివర ఒక మేకు, ఇంకో చివర చంద్రవంకలా మేకుల వరుస. చేయి అటు సాచి ఇటు లాగాలి, అటు సాచి ఇటు లాగాలి. ఒక్కో చీరకు వేలసార్లు. నలభై రెండేళ్లుగా అదే పని. ఇప్పుడు ఆమె కుడి చేయి చెవి దాటి పైకి లేవదు. తల దువ్వుకోవాలంటే చేతిని ఎత్తదు, తలనే చేతి దగ్గరకు వంచుతుంది.

భర్త జానయ్య పోయి నాలుగేళ్లయింది. తెలంగాణ వచ్చిన ఏడాది ఆయన బస్టాండు దగ్గర దొరికిన కుక్కపిల్లను సంచిలో వేసుకొని వచ్చాడు. మోతి అని పేరు పెట్టాడు. ఆయన పోయాక అది ఆసు పక్కనే పడుకోవడం మొదలుపెట్టింది. కొడుకు వెంకటేశ్, కోడలు మమత వెనక అర్రలో వేరు పొయ్యి పెట్టుకున్నారు. మగ్గం మాత్రం తల్లి ఉండే ముందరింట్లోనే ఉంది. మోతికి అన్నం పెట్టేది అండాలే. ఇంకెవరు పెట్టినా అది ముట్టదు.

ఈ వానకాలం మోతి వెనక కాళ్లు బిగుసుకున్నాయి. లేవాలంటే ముందు కాళ్ల మీద ఊగి ఊగి లేచేది. పశువుల దవాఖానలో డాక్టరమ్మ రూప చూసి, ముసలితనానికి కీళ్లు అరిగాయని చెప్పి గోలీలు రాసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వెంకటేశ్ పట్నం పోయినప్పుడు డబ్బా తెచ్చాడు. వారం తిరిగేసరికి మోతి తనంతట తానే గడప దాటింది. అండాలు గోడ దగ్గరకు వచ్చి మరీ చెప్పింది. తనంతట తాను వచ్చి ఒక మాట చెప్పడం అదే మొదటిసారి.

దీపావళి తెల్లారి మోతికి కడుపు చెడింది. నీళ్లలా పోవడం, నురగ కక్కడం. అండాలు కడుగుతూనే ఉంది. తొమ్మిదో రోజు మగ్గం ముందు సాగదీసిన పడుగు మీద కక్కింది. రెండు చీరల దారం పాడైంది.

వెంకటేశ్ మగ్గం దిగి బయటికొచ్చాడు. కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది ముఖంలో.

"అమ్మా, ఇగ నాతోని గాదు. శుక్రవారం పరశురాములుకు ఆటో చెప్పిన. చౌటుప్పల్ అవుతల రోడ్డు మీద దాబాలున్నయి. ఆడ ఇడిసిపెట్టొస్త. ఎవలో ఒకలు ఇంత ఏస్తరు."

"నా చేతి కూడు తప్ప తినది గదరా."

"ఆకలైతే అదే తింటది."

అండాలు బకెట్ తీసుకొని లోపలికి పోయింది. శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులుంది.

నేను ఊరుకునే మనిషిని కాదు కదా. మమతను పట్టుకున్నాను.

"దీపావళికి మిఠాయి గిట్ల పెట్టినవా దానికి?"

"నేను దాని దగ్గరికే పోను పెద్దత్తమ్మా. మీరు గోడ మీదికెల్లి పడేసిన బొక్కలేమన్న తిన్నదేమో."

నోరున్న పిల్ల. ఆ మాట మింగి, మోకాళ్లు పట్టుకుంటూ దవాఖానకు నడిచాను. డాక్టరమ్మ తాను రాసిన గోలీల పేరు రిజిస్టరులో చూసింది.

"గీ గోలీలు కొన్ని కుక్కలకు పడవమ్మా. కడుపు తిప్పుతది, మోషన్స్ అయితయి. ఖాళీ కడుపుల ఇస్తే ఇంకా ఎక్కువ. అన్నం పెట్టినంకనే ఇస్తున్నరా?"

"ఇస్తది, ఎందుకియ్యది!" అన్నాను. చూసినదానిలా.

"మూడు రోజులు ఆపుండ్రి. మెత్తటి అన్నం, పెరుగు పెట్టుండ్రి. ఆ తర్వాత సగం గోలీతోని మొదలుపెట్టాలె, అది గూడ అన్నంల కలిపి. నెత్తురు పడ్డా, నీళ్లు తాగకున్నా జల్ది తీస్కరావాలె."

"దేంతోని జేస్తరమ్మా గీ గోలీలు?"

"చాలా వాటిల్ల రొయ్యల పొట్టు ఉంటదమ్మా."

కార్తీకం నెల. మాంసం, చేపల నీసు తగలకూడదని అండాలు నా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగడం లేదు. ఈ ఒక్క మాట ఆమెకు చెప్పొద్దనుకున్నాను. అది నాకు ఎంత కష్టమో నాకే తెలుసు.

మరునాడు పొద్దున్నే పోయాను. అండాలు స్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి, అదే తడిచేత్తో డబ్బా తీసి గోలీ మోతి నోటికి అందిస్తోంది. మోతి గిన్నె గోడ వారకు బోర్లించి ఉంది.

"ఆగే! అన్నమేది?"

"కార్తీకం గదక్కా. ఒక్కపొద్దు. మాపు దీపాలు పెట్టినంకనే పొయ్యి ముట్టిస్త."

"ఒక్కపొద్దు నీకా, మోతికా?"

అండాలు నన్ను వింతగా చూసింది.

"ప్రతి ఏడు నాతోపాటే ఉంటది. నేను తిన్నప్పుడే తింటది. పదేండ్ల సంది ఏంగాలే."

"పదేండ్ల సంది గోలీలు లెవ్వు గదనే, పిచ్చిదానా."

గోలీ ఆమె చేతిలోనే ఉండిపోయింది. దీపావళి తెల్లారే కార్తీకం మొదలు. అదే రోజు మోతి కడుపు చెడింది. ఇద్దరం వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాం. అండాలు ఆసు పక్కన చతికిలబడింది.

"అంటే నేనే జేసిన్నా అక్కా? నా చేతులతోనే?"

"ఎవలకు ఎరుకనే. మూడు రోజులు గోలీ బంద్ పెట్టు. పొద్దటి అన్నం నా ఇంట్లకెల్లి పంపిస్త."

"నీ ఇంట్ల నిన్న కోడి కోసిండ్రు. వాసన గోడ దాటింది. వద్దు."

అంత బాధలోనూ ఆ మాట అననే అన్నది. తర్వాత లేచి, రెండుసార్లు గోడ పట్టుకొని నిలబడి, పొయ్యి ముట్టించింది. నేను చూస్తుండగా కార్తీకంలో అండాలు పొయ్యి మీద పొద్దున పొగ లేవడం అదే మొదలు. మెత్తగా వండి, ఆరబెట్టి, పెరుగు కలిపి పెట్టింది.

"అన్నం ముందట వెట్టుకొని ఉంటవానే ఒక్కపొద్దు?"

"ఉంట. ఉండుడేం కొత్తనా నాకు?" అన్నది, మోతినే చూస్తూ.

మొదటి రోజు అది సగం వదిలేసింది. రెండో రోజు ఒక్కసారే బయటికి పోయింది. గురువారం గిన్నె నాకింది. అండాలు మాత్రం ఆటో సంగతి ఎత్తలేదు. వెంకటేశ్ కూడా ఎత్తలేదు. మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించేది.

శుక్రవారం పొద్దున పరశురాములు వాకిట్లో హారన్ కొట్టాడు. నేను గోడ చుట్టూ తిరిగి పరుగెత్తాను. వెంకటేశ్ మోతిని లేపబోతున్నాడు. అండాలు బతిమాలుతుందనుకున్నాను. ఆమె అలసిపోయిన గొంతుతో, "కాళ్లు వట్టి లేపకు, నొస్తది. కడుపు కిందికెల్లి చెయ్యి వెట్టాలె. ఆగు, నేను జూపిస్త" అంటూ వంగింది. ఎత్తబోయింది. కుడి భుజం పట్టేసింది. కెవ్వుమన్నది. జారుతున్న మోతిని వెంకటేశ్ రెండు చేతులా పట్టుకున్నాడు.

మోతి వాడి చంకలో ముఖం దూర్చింది. వాడు కింద నేలను చూశాడు, పొడిగా ఉంది. తల్లి భుజం చూశాడు.

"గీ చెయ్యి ఎప్పటి సంది గిట్లున్నదే?"

"ఎప్పటి సందో యాదికి లేదు బిడ్డా."

"నీ పెండ్లి కంటె ముందటి సంది ఉన్నది. నువ్వు మగ్గం కాడికెల్లి తలెత్తితె గద కనవడుడు!" అన్నాను. ఊరుకుంటే బాగుండేది. వాడికి పెళ్లయిన పన్నెండేళ్లూ నేను కూడా ఆమె తల దువ్వుకోవడం చూస్తూ కూర్చున్నానే తప్ప ఏ దవాఖానకూ తీసుకుపోలేదు.

వెంకటేశ్ మోతిని ఆసు పక్కన దించాడు. బయటికి పోయి, "తమ్మీ, అమ్మను ఎక్కించుకుందాం. దవాఖానకు పోవాలె" అన్నాడు.

"మరి కుక్క?"

"ఇంట్లుంటది."

"ఆసు మీద దారం సగంల ఉన్నదిరా," అని అండాలు గొణిగింది. అయినా చెప్పులు వెతుక్కుంది. ఆటో ఎక్కుతూ నాకు చెప్పింది, సాయంత్రానికి తాను రాకపోతే, తాను వండి ఉంచిన అన్నంలో సగం గోలీ కలిపి పెట్టాలని, పెట్టేముందు నేను చేతులు సబ్బుతో కడుక్కోవాలని.