షాద్‌నగర్‌లో రొయ్యల పులుసు

మా ఇంట్లో వంట అంటే మాంసం వంటే. మాది తరతరాలుగా గొర్రెలు కాసిన ఇల్లు. మేం షాద్‌నగర్ వచ్చి ఇల్లు కట్టుకున్నా, మా మరిది మంద ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది. తలకాయ, బోటి, కాళ్ళు, ఎండబెట్టిన ఒట్టి తునకలు, వీటిలో దేన్ని ఏ మంట మీద ఎంతసేపు ఉంచాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టాల పెళ్ళిళ్ళకు వంటవాళ్ళను పెట్టినా, చివరికి గుండిగ మూత తీసి ఉప్పు చూసేది నేనే. నన్ను ఓడించిన గిన్నె లేదని నలుగురిలో చెప్పుకునేదాన్ని. అలాంటిదాన్ని, కోడలు వచ్చిన రెండో ఏడు, వేలెడంత లేని రొయ్య ముప్పుతిప్పలు పెట్టింది.

మా కోడలిది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె. మా వాడు పనిచేసే మందుల కంపెనీలోనే ఆమెకూ ఉద్యోగం. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఆ పిల్లకు తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఒక్కతే పెంచింది. ఆ తల్లికి చెబితే ఒప్పుకోదని భయపడి, చెప్పకుండానే రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్నారు. కులం వేరు, ప్రాంతం వేరు అన్నది ఆమెకు ఒక బాధ. తనకు చెప్పలేదన్నది అంతకు మించిన బాధ. ఇంక నాకు ఫోన్ చెయ్యకు అందట. ఈమె చెయ్యలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడంలో తల్లీ కూతురూ ఒకే అచ్చు.

ఆ ఎండాకాలం మొదట్లో కోడలికి నెల తప్పింది. సంబరం రెండు రోజులైనా నిలవలేదు. వేవిళ్ళు పట్టుకున్నాయి. నేను పోపు వేస్తే ఆమె వీధి గుమ్మంలోకి పరుగెత్తేది. అన్నం వాసన పడదు, పాలు పడవు, మా ఇంటి మాంసం సంగతి సరేసరి. మూడో నెల దాటినా తగ్గక, ఉద్యోగానికి సెలవు పెట్టింది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. దవాఖానలో డాక్టరమ్మ, నోటితో తినకపోతే సెలైన్ ఎక్కించాల్సి వస్తుందని కోప్పడింది. ఇంటికొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఏం తినబుద్ధయితాంది బిడ్డా? సిగ్గుపడకుండ చెప్పు. గీ కడుపుతోటి ఉన్నప్పుడు గాకపోతే ఇంకెప్పుడు అడుగుతవు?"

"రొయ్యల పులుసు అత్తయ్యా. మా అమ్మ చేస్తుంది" అని, అంతలోనే నోరు మూసుకుంది.

"మీ అమ్మకు చెప్దమా మరి గీ ముచ్చట?"

"తనంతట తను ఫోన్ చేస్తే చెబుతాను. మీరు మాత్రం చెప్పొద్దు. నా మీద ఒట్టు."

కడుపుతో ఉన్న మనిషితో వాదించేదెవరు? సరే అన్నాను. పులుసే కదా, తల్లితో పనేముంది, నేను వండలేనా అనుకున్నాను.

మా దగ్గర చేప దొరుకుతుంది. చెరువు చేప, కృష్ణ చేప, కొర్రమట్ట. రొయ్య మాత్రం హైదరాబాదు నుంచి ఐసు పెట్టెల్లో రావాల్సిందే. ఆదివారం పొద్దున్నే బజారుకు వెళ్ళాను. తలలు నల్లబడి ఉన్నాయేమని అడిగితే, గీ జాతి గట్లనే ఉంటదమ్మా అన్నాడు అమ్మేవాడు. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నమ్మి తెచ్చాను. ఇంటికి తెచ్చి నాకు తెలిసిన పద్ధతిలోనే వండాను. అల్లం వెల్లుల్లి దట్టంగా పట్టించి, ఎండు కొబ్బరి, గసగసాలు నూరి పోసి, మెత్తగా ఉడకాలని కుక్కర్లో పెట్టి నాలుగు సీటీలు రానిచ్చాను. మూత తీస్తే రొయ్యలు చెప్పు అడుగు రబ్బరులా ఉన్నాయి. మేక మాంసమైతే ఉడికేకొద్దీ మెత్తబడుతుంది. ఇదేమిటో ఉడికేకొద్దీ బిగుసుకుంది. పాపం ఆ పిల్ల, నా మొహం చూసి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా వాడు మాత్రం బాగుందమ్మా అని మూడుసార్లు వేసుకున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ నాలుక లేదు.

రొయ్య కాకపోతే ఎండ్రికాయ, అదే పీత, అనుకున్నాను. వానాకాలంలో మా ఊళ్ళో వరిమళ్ళ గట్ల నిండా ఎండ్రికాయలే. మరిదికి ఫోన్ చేస్తే నవ్వాడు.

"ఎండలు గిట్ల మండుతున్నయి వదినా. మడి ఏడుంది, గట్టు ఏడుంది? గొర్లకే నీళ్ళు దొరుకుతలేవు. పొట్టేలును కోసి పంపియ్యాల్నా?"

పొట్టేలు వద్దన్నాను. బుధవారం అంగడికి వెళ్ళి ఎండు రొయ్యలు తెచ్చాను. ఎండిన సరుకంటే నాకు ధైర్యం. ఒట్టి తునకలు నానబెట్టి వండే చేతికి ఎండు రొయ్యలొక లెక్కా? తలలు తుంచి పారేసి, మిగతావి నానబెట్టి, చింతపండు పులుసులో వేసి, చివరికి గరం మసాలా చల్లాను. ఈసారి రబ్బరు కాలేదు. కాకపోతే పులుసులో ఇసుక, దాని మీద మసాలా వాసన. కోడలు రెండు ముద్దలు తిని, బాగుంది అత్తయ్యా అంటూనే పెరట్లోకి పరుగెత్తింది. కక్కడం అయ్యాక గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. నేను నీళ్ళు తీసుకెళ్తే, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు పులుసు కోసం కాదని తెలియడానికి చదువులక్కర్లేదు.

నాకు కోపం వచ్చింది. కోడలి మీద కాదు, ఆ ఒట్టు మీద. పిల్ల చిక్కి సగమైపోతుంటే ఒట్టు ఎవరిని ఉద్ధరించడానికి? మా వాడి దగ్గర నంబరు తీసుకుని, మేడ మీదికి వెళ్ళి, బందరు వదినకు ఫోన్ చేశాను. అంతకు ముందు ఆమె గొంతు కూడా నేను వినలేదు. వియ్యపురాళ్ళం అన్నమాటే గానీ పెళ్ళిపందిట్లో ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునే భాగ్యం మాకు దక్కలేదు.

"ఎవరండీ?" అంది.

"నేను వదినా, షాద్‌నగర్ నుంచి. మీ బిడ్డ అత్తను. ఫోన్ పెట్టకు. కయ్యానికి చేస్తలేను. ఎండు రొయ్యల పులుసు ఎట్ల చేస్తరో చెప్పు, చాలు."

పెట్టేసిందనుకున్నాను.

"మీరెలా చేశారు?" అంది చివరికి.

ఉన్నదున్నట్టు చెప్పాను, కుక్కర్ సంగతితో సహా.

"పచ్చి రొయ్యలకు నాలుగు కూతలా? మేకనుకున్నారా? తలలు పారేశారా? పారేస్తే ఇంకేం మిగిలింది, పొట్టు మిగిలింది" అని దులిపేసింది. నన్ను వంట విషయంలో దులిపిన మనిషి మా అత్త తర్వాత ఆమే. నేను నోరు మూసుకుని విన్నాను. మంచి సరుకు దొరకని చోట తలలే ఆధారం అంది. తలలు, ఒళ్ళు వేరు చేసి, రెండూ సన్న సెగ మీద దోరగా వేయించాలి. ఒళ్ళు వేడినీళ్ళలో నాలుగైదు సార్లు కడిగితే ఇసుక పోతుంది. తలలు దంచి, వేడినీళ్ళలో నానేసి, గుడ్డలో వడకట్టాలి. ఆ నీళ్ళే పులుసు. చింతపండు వద్దు, ఈ రోజుల్లో పుల్ల మామిడికాయ వెయ్యాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త మెంతిపొడి, అంతే. గరం మసాలా డబ్బా వంటింట్లోంచే తీసేయండి అంది.

"ఇంత కష్టపడి మీకెందుకండీ రొయ్యలు?" అని అడిగింది అప్పుడు.

"నాకు గాదు వదినా. పిల్ల తింటలేదు. ఏం పెట్టినా కక్కుతాంది."

అటు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఎన్నో నెల?" అంది. గొంతు మారిపోయింది.

"నాలుగు. చెప్పొద్దని ఒట్టు పెట్టుకుంది. నువ్వే ఫోన్ చేస్తవని చూస్తాంది."

"నేనూ అదే చూస్తున్నా" అని ముక్కు తుడుచుకుంది. కాసేపటికి, "రేపు అది తినేటప్పుడు నాకు ఫోన్ చెయ్యండి. మాట్లాడను. వింటాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం, మిగిలిన ఎండు రొయ్యలతో ఆమె చెప్పినట్టే చేశాను. తలల నీళ్ళు వడకడుతుంటే వంటగదిలో లేచిన వాసన నేనెరిగిన ఏ కూర వాసనా కాదు. చివర్లో నా ఇష్టంగా నాలుగు కొర్రమట్ట ముక్కలు కూడా వేశాను. అదొక్కటీ ఆమెను అడగలేదు, అడగాలనిపించనూ లేదు. మా నేలకూ కాస్త మర్యాద ఉండాలి కదా. ఉప్పు చూశాను. సరిపోయింది. ఈసారి తింటుందని నాకు నమ్మకం కుదిరింది.

కోడలికి కంచం పెట్టి, ఫోన్ కలిపి, కిటికీలో నీళ్ళచెంబు వెనక ఉంచాను. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పెరటి గుమ్మం వైపు చూస్తుందేమోనని నేను చూస్తున్నాను. చూడలేదు. రెండో ముద్ద కలిపింది. మూడోది పెద్దది కలిపింది.

"ఇంకాస్త పులుసు పొయ్యండి అత్తయ్యా" అంది.

నేను గరిటె ముంచానో లేదో, చెంబు వెనక నుంచి గొంతు వినపడింది.

"అడుగున మామిడి టెంక ఉంటుంది, అది వెయ్యండి వదినగారూ. దానికి టెంక ఇష్టం."

కోడలి చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను తల ఊపాను. లేచి, ఎంగిలి చేత్తోనే ఫోన్ అందుకుని చెవికి ఆనించుకుంది. మెంతి వాసన పట్టిన వేళ్ళు ఫోన్ చుట్టూ బిగుసుకున్నాయి.

"ఆకలేస్తోందమ్మా" అంది మా కోడలు.