పొద్దు గూకని రోజా

డోర్నకల్ స్టేషన్ వెనక వీధిలో గుల్షన్ బేగం ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతోంది. భర్త పోయాక కూడా మిషన్ ఆగలేదు. ఆమె ఎరిగిన దూరాలన్నీ రైలు దూరాలే. అటు విజయవాడ, ఇటు సికింద్రాబాద్. అందుకే మక్కాకు ఉమ్రా యాత్ర పోదామని తమ్ముడు మాజిద్ అన్నప్పుడు ఆమె మొదట అడిగింది, "జిద్దా ఎంత దూరముంటదిరా?" అని.

"హైదరాబాద్ నుంచి నాలుగు వేల కిలోమీటర్లు ఉంటది ఆపా. విమానం ఆరు గంటలల్ల దించుతది."

రంజాన్ నెల. విమానం మధ్యాహ్నం మూడింటికి. మూడింటికి ఎక్కితే తొమ్మిదింటికి దిగుతాం, నడుమ ఆరున్నరకు పొద్దు గూకగానే ఆకాశంలోనే రోజా విడవాలి అని గుల్షన్ లెక్క వేసుకుంది.

"ప్రయాణంల ఒక్కపొద్దెందుకక్కా? వచ్చినంక ఉండరాదూ?" అంది పక్కింటి రాజమణి.

"అల్లా ఇంటికి తింటూ పోతనా?" అని ఖర్జూరాలు రుమాలులో కట్టుకుంది గుల్షన్.

విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. చేతి గడియారం ఆరున్నర చూపించింది. బయట చూస్తే ఇంకా బారెడు పొద్దుంది. ఎండ మొహం మీద కొడుతోంది.

"టైమైంది, తిను ఆపా," అన్నాడు మాజిద్.

"పొద్దు గూకలేదు గదరా!"

"మన ఊర్ల గూకింది."

"మనం ఊర్ల ఉన్నమా?"

మాజిద్ ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. సగం మింగి, కిటికీ వైపు చూసి ఆగిపోయాడు. "తప్పాయెనా ఏంది?" అన్నాడు బిక్కమొహంతో.

అవతలి సీట్లో హఫ్సా అనే పిల్ల ఉంది. భూపాలపల్లి పిల్ల, అక్కడి దవాఖానలో నర్సు. "మనం పడమటికే పోతున్నం గదమ్మా. పొద్దు ముంగట, మనం ఎనక. గందుకే జల్ది గూకదు," అంది.

"మరి గిప్పుడు టైమెంత బిడ్డా?"

"డోర్నకల్‌ల ఏడు. జిద్దాల నాలుగున్నర."

"ఈడ?"

హఫ్సా కిటికీలోకి తొంగి చూసింది. కింద ఇసుకో సముద్రమో తెలియడం లేదు. "ఈడనా? నాకూ ఎరుక లేదమ్మా. పానం ఆగకుంటే జర నీళ్లు తాగు, ప్రయాణంల మాఫీ ఉంటది."

గుల్షన్ తాగలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. తల దిమ్మెక్కింది. ఇంట్లో ఉంటే ఈపాటికి గంజి తాగి, నమాజు చేసి నడుం వాల్చేది. ఇది ఏ ఊరి సాయంత్రమో, ఎవరి పొద్దో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. రుమాలు ముడి విప్పడం, మళ్లీ కట్టడం, అదే పని.

విమానం దిగేసరికి ఆమె గడియారంలో తొమ్మిది. అక్కడి గోడ గడియారంలో ఆరున్నర. అద్దాల అవతల ఎర్రటి పొద్దు నేలను తాకుతోంది. కాసేపటికి అజాన్ పిలుపు వినబడింది. పాస్‌పోర్టుల వరుసలో నిలబడే ఖర్జూరం నోట్లో వేసుకుంది, కళ్లు చెమ్మగిల్లాయి.

"ఆరు గంటలు పోయినం గదరా. మూడింటికి ఎక్కి ఆరున్నరకే ఎట్ల దిగినం? కడమ గంటలు ఏడ పోయినయి?"

"పరేషాన్ చేయకు ఆపా. వచ్చేటప్పుడు మళ్ల కలుస్తయంట," అన్నాడు మాజిద్. అతనికీ నమ్మకం లేదు.

తిరిగొచ్చాక మసీదులో అడిగితే ఆమె రోజా చెల్లింది, పొద్దు గూకకముందే తిన్న తమ్ముడే ఒకటి మళ్లీ ఉండాలి అన్నారు. పండగయ్యాక మాజిద్ ఆ రోజా ఉన్నాడు. తెల్లవారుజామున లేచి గుల్షనే అతనికి రొట్టెలు చేసింది. ఆ గంటల సంగతి మాత్రం ఆమెకు ఇప్పటికీ తేలలేదు. రాజమణికి చెప్పబోయి, సగంలో తానే తికమకపడి, "ఏమోనమ్మా, పోయినం, వచ్చినం," అని నవ్వేస్తుంది.