సాయవ్వ జీరో బల్బులు

నాగేందర్‌కు ఒక అలవాటుంది. పసుపు ఎవరిదైనా సరే, బస్తా అడుగుదాకా చెయ్యి పోనిచ్చి ఒక కొమ్ము బయటికి తీసి, విరిచి చూస్తే గాని ధర మాట్లాడడు. ఫట్‌మని విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. సొంత మామ పంపిన పసుపును కూడా విరిచే కొన్నాడని ముప్కాల్ రైతులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అంత జాగ్రత్త గల మనిషి ఈ ఎండాకాలం రెండు నెలలపాటు కళ్ల ముందున్న ఒక సంగతిని విరిచి చూడలేదు. చూడాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది కూడా. దాన్ని పక్కకు నెట్టాడు. ఆ తప్పు తిరిగి తిరిగి సాయవ్వ నెత్తిన పడింది.

సాయవ్వ అతనికి పెద్దవ్వ, తల్లికి సొంత అక్క. డెబ్బై దాటాయి. పిల్లలు లేరు, మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆర్మూర్‌లో పెర్కిట్ వైపు పోయే దారిలో ఆమె రెండు గదుల ఇల్లు, దాన్ని ఆనుకునే నాగేందర్ కట్టుకున్న మేడ ఉన్నాయి. నాగేందర్ ఆరో తరగతిలో ఉండగా తల్లి చనిపోతే, బీడీలు చుట్టి అతన్ని సాకింది ఈమే. అప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే బల్బు. దాని కింద వాడు పుస్తకం పెట్టుకుంటే, ఆమె చాట పట్టుకుని గోడవారకు జరిగేది. ఈ సంగతి నాగేందర్ మరిచిపోయాడని కాదు. గుర్తున్నా పని లేని వాటిలో అది చేరిపోయింది, అంతే.

సాయవ్వ ఇప్పటికీ బీడీలు చుడుతుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ కరెంటు బిల్లు మాత్రం చదవగలదు. నెలకు రెండు వందల యూనిట్ల లోపు కాలిన ఇళ్లకు జీరో బిల్లు రావడం మొదలైనప్పటి నుంచి, కాగితం చేతిలో పడగానే కిందికి చూసేది. అక్కడ సున్నా గుండ్రంగా కనబడితే చాలు, బిల్లు కొట్టే అతన్ని "నిలబడు కొడుకా, సల్ల తాగి పో" అనేది. ఆ కాగితాలన్నీ బీడీల పాసుబుక్కుతో పాటు రేకుడబ్బాలో దాచింది. జీవితంలో ఒక ఆఫీసు కాగితాన్ని ఎవరి సాయం లేకుండా చదివినందుకు ఆమెకు ఎంతో గొప్పగా ఉండేది.

ఏప్రిల్ బిల్లులో ఆ సున్నా లేదు. రెండు వందల ముప్పై ఒక్క యూనిట్లు కాలినట్టు వచ్చింది. సాయవ్వ కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, నాగేందర్ దగ్గరికి తెచ్చింది.

"గిదేంది పెద్దవ్వా? ఒక్క ఫాను, రెండు బల్బులు, గా టీవీ. వీటికే గింత కాలిందా?"

"నేనేం జేసిన కొడుకా. ఎప్పటి లెక్కనే ఉంటున్న."

"టీవీ బంద్ జేస్తలేవు గావచ్చు."

"బంద్ జేసినట్టే యాదికున్నది."

"గదే చెప్తున్న. యాదికున్నట్టు అనిపిస్తది. నీకు మతి తప్పుతున్నది పెద్దవ్వా."

ఆ మాటకు ఆధారాలు లేకపోలేదు. అంతకు వారం ముందు పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఒకరోజు నల్లా తిప్పి మరిచి వాకిలంతా నీళ్లు చేసింది. నాగేందర్ కూతురు వర్షితను చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. డెబ్బై ఏళ్ల మనిషికి ఈపాటి తడబాటు ఉండదా? ఉంటుంది. కానీ ఈ మూడింటికీ బిల్లును కూడా కలిపి, పెద్దవ్వకు మతి తప్పిందని నాగేందర్ తీర్పు చెప్పేశాడు.

బిల్లు కట్టడానికి ఆఫీసుకు పోయినప్పుడు అక్కడి గుమాస్తా కాగితం చూసి, "ఒక్క ఫాను రాత్రింబగళ్లు తిరిగినా గింత కాలదు. ఇంకెవరిదన్నా వైరు కలిసిందేమో చూసుకోండ్రి" అన్నాడు. నాగేందర్ నవ్వి, "ముసలామె సార్. ఏదీ బంద్ చెయ్యది" అన్నాడు. ఆ నెల అతని ఇంటి బిల్లు జీరో వచ్చింది. మార్చి మొదట్లోనే మేడ మీది గదిలో ఏసీ పెట్టించాడు. వర్షిత ఎంసెట్‌కు చదువుతోంది, రోజంతా ఏసీ నడుస్తోంది. అయినా జీరో. అదెట్లా అన్న ప్రశ్న వచ్చిన మాట నిజం. కొత్త ఏసీలు తక్కువ తింటాయని దానికి తనే జవాబు చెప్పుకుని, హోటల్లో చాయ్ తాగుతూ పదిమందికీ అదే చెప్పాడు. పెద్దవ్వ బిల్లు తానే కడుతున్నానని కూడా చెప్పాడు. అందరూ మంచి కొడుకన్నారు.

అసలు సంగతి మరొకటి ఉంది. నాగేందర్‌కు గోదాం కావాలి. ఆ ఏడు పసుపు బాగా కొన్నాడు, పెట్టడానికి చోటు లేదు. పెద్దవ్వ తన ఇంట్లోకి వచ్చేస్తే ఆ రెండు గదులూ బస్తాలకు సరిగ్గా సరిపోతాయి. ఇది అతను భార్య సంధ్యతో అన్నాడు గాని, పైకి మాత్రం పెద్దవ్వ మంచి కోసమే అన్నట్టు మాట్లాడాడు.

"పెద్దవ్వా, ఒక్కదానివి నీతోని అయితలేదు. మా ఇంట్లకు రా. బీడీలు బంద్ జెయ్యి. సంధ్య ఇంత వండి పెడతది."

"నా పొయ్యి నాకుండనీ బిడ్డా. కాళ్లూ చేతులూ ఆడుతున్నయి గదా."

"సరే. వచ్చే నెల జీరో వస్తే నీ ఇష్టం. రాకపోతే నా మాట వినాలె. మంచిగనే ఉన్నదా?"

సాయవ్వ కాసేపు ఆలోచించి తలూపింది. అంతకన్నా ఏం చేస్తుంది పాపం? ఆ నెలంతా ఆమెకు అదే ధ్యాస. పొయ్యి, చాట, తలుపు గొళ్లెం, తన ఇల్లు అనుకున్నదంతా ఆ సున్నా మీద ఆధారపడి ఉంది.

పదిరోజులు పోయాక ఒక సాయంత్రం నాగేందర్ ఆమె ఇంటికి వెళ్లి గడపలోనే ఆగిపోయాడు. ముందు గదిలో ఎర్రని జీరో బల్బు, లోపలి గదిలో ఆకుపచ్చది. దేవుని పటాల దగ్గర మాత్రమే వెలగాల్సిన చిన్న బల్బులు ఇల్లంతా వెలుగుతున్నాయి. ఫాను బంద్. సాయవ్వ గుమ్మం దగ్గర మిగిలిన కాస్త పొద్దు వెలుతురులో చాటను ఒళ్లో పెట్టుకుని, తునికాకును కళ్లకు దగ్గరగా పట్టుకుని చుడుతోంది. మెడ నిండా చెమట.

"గీ బల్బులేంది పెద్దవ్వా?"

"జీరో బల్బులు. పాతయి తీసి దాచిపెట్టిన. జీరో రావాలంటివి గదా. గీ జీరోయి పెడితే గా జీరో వస్తది."

నాగేందర్ నవ్వాడు. మామూలుగా కాదు, గోడ పట్టుకుని నవ్వాడు. సాయవ్వ కూడా ఏం తప్పు మాట్లాడిందో తెలియక కొంచెం నవ్వింది. తర్వాత చాటను పక్కన పెట్టి, ఏదో చెప్పాలని చాలా రోజుల నుంచి కూడగట్టుకున్నట్టు మొదలుపెట్టింది.

"నాగేందర్, నేను మొన్న బీడీల కార్ఖానాకు పోయేటప్పుడు మెయిన్ బంద్ జేసిన. బంద్ జేస్తే..."

"మెయిన్ ముట్టకు పెద్దవ్వా. షాక్ కొడ్తది. నీకు తెల్వని పనులల్ల చెయ్యి పెట్టకు."

"గది గాదు కొడుకా..."

"ముట్టకు అంటున్న గదా."

ఆమె చాటను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున నాగేందర్ చాయ్ హోటల్లో జీరో బల్బుల కథను చేతులు తిప్పుతూ చెప్పాడు. బాగా చెప్పాడు కూడా. రెండు రోజుల్లో అది మామిడిపల్లి చౌరస్తా దాకా పాకింది. కార్ఖానాలో సాయవ్వ బీడీలు లెక్కపెట్టేటప్పుడు కూడా ఎవరో "ఏమవ్వా, జీరో బల్బు కింద చుట్టినవా" అని అడిగారట. నిజానికి ఆ చీకట్లో చుట్టినవాటిలో సగం బాగా లేవని అప్పటికే పక్కకు తీసేస్తున్నారు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పుకోలేదు.

మే నెల బిల్లు మిట్టమధ్యాహ్నం వచ్చింది. రెండు వందల అరవై ఎనిమిది యూనిట్లు. సాయవ్వ కాగితం కింద చూసి, సున్నా లేదని తెలుసుకుని చాప మీద కూర్చుంది. నాగేందర్‌కు జాలి వేసింది. దాంతోపాటు గోదాం దొరికిందన్న ఊరట కూడా లోపల ఎక్కడో కలిగింది. ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ అది జరిగింది కనుక దాచి లాభం లేదు.

"అయిపాయె గదా. మాటంటే మాట. పద, సామాన్లు సర్దుదాం. ఇంక దేని ఫికర్ పెట్టుకోకు" అన్నాడు నాగేందర్. మళ్లీ తన మాట నిజమని ఆమెకు చూపించాలన్న పంతం ఒకటి వచ్చి, బోర్డు దగ్గరికి పోయాడు. "ఇగో, జూడు. నేను మెయిన్ బంద్ జేస్తున్న. బయట మీటర్ల ఎర్ర లైటు గూడ మెరుసుడు ఆగుతది. అంటే కాల్చేది నువ్వే అన్నట్టు గదా." మెయిన్ కిందికి దించాడు.

పక్క మేడ కిటికీ తెరుచుకున్న చప్పుడైంది.

"డాడీ, ఏసీ బందయింది. కరెంటు పోయిందా?" వర్షిత గొంతు.

కింది వంటగదిలోంచి సంధ్య జవాబిచ్చింది. "కరెంటున్నది గదనే. మిక్సీ తిరుగుతున్నది."

నాగేందర్ చెయ్యి మెయిన్ మీదే ఉండిపోయింది. దాన్ని పైకి లేపాడు. మేడ మీద ఏసీ గుర్రుమంది. మళ్లీ దించాడు. ఆగింది. ఇక మూడోసారి చూడాల్సిన అవసరం లేదు.

ఇల్లు కట్టేటప్పుడు కరెంటు లేక పెద్దవ్వ మీటరు నుంచే వైరు లాక్కున్నాడు. "తీస్కో బిడ్డా, మీది నాది ఏముంది" అన్నదామె. తర్వాత సొంత మీటరు వచ్చింది, కింది గదులు దాని మీదికి మారాయి, మేడ మీది గది మాత్రం మారలేదు. ఒక బల్బు, ఒక ఫానే గనుక ఎవరికీ తెలియలేదు. ఏసీ పెట్టిన రోజు వైర్‌మన్ లక్ష్మీరాజం "అన్నా, ఏ లైను మీద ఇయ్యమంటవ్" అని అడిగితే, నిజామాబాద్ యార్డు నుంచి వచ్చిన ఫోన్లో పసుపు ధర వింటున్న నాగేందర్, "ఏది దగ్గరుంటే దానికి ఇయ్యి" అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. తన ఇంటి చల్లదనానికి తాను కట్టుకున్న బిల్లును పెద్దవ్వ మీద చేసిన దయగా ఊరంతా చెప్పుకున్నాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పెద్దవ్వా," అన్నాడు. "తప్పు నాదే."

సాయవ్వ చాప మీది నుంచి అతన్నే చూస్తోంది. "అయితే నిజమేనా?" అంది.

"ఏది?"

"నేను గూడ గిట్లనే బంద్ జేసిన. పోయిన నెల. పోరి గట్లనే మొత్తుకున్నది. మల్ల ఏసిన. మర్నాడు మల్ల బంద్ జేసిన, మల్ల గట్లనే మొత్తుకున్నది."

ఆరోజు సాయంత్రం ఆమె చెప్పబోయింది ఇదే. షాక్ కొడుతుందని అతను నోరు మూయించింది ఈ మాటనే.

"మరి గట్టిగ చెప్పకపోతివి పెద్దవ్వా. నన్ను తిట్టకపోతివి."

"ఎట్ల చెప్పాలె కొడుకా. నీకు యాదికున్నట్టు అనిపిస్తది గని నిజం గాదు అంటివి. సదువుకున్నోనివి. నేను ఇన్నది గూడ గట్లనే ఇన్నట్టు అనిపించిందేమో అనుకున్న."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, కాసేపు తిట్లు పడి బయటపడేవాడు. నాగేందర్ కుర్చీ ఎక్కి జీరో బల్బులు రెండూ తీసేశాడు. ఆమె అటక మీద గుడ్డలో చుట్టి దాచిన తెల్ల బల్బులు తెచ్చి పెట్టాడు. ఫాను వేశాడు. సాయంత్రానికి లక్ష్మీరాజాన్ని పిలిపించి వైరు తెంపించాడు. గోదాం మాట మళ్లీ ఎత్తలేదు, పెర్కిట్‌లో ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. చాయ్ హోటల్‌కు పోయి, జీరో బల్బుల కథ చెప్పిన చోటే నిలబడి అసలు సంగతి కూడా చెప్పాడు. ఈ కథకు ఎవరూ నవ్వలేదు. ఎవరో మాట మార్చి వాన ఎప్పుడు పడుతుందని అడిగారు. ఇది చౌరస్తా దాకా కూడా పోలేదు.

జూన్‌లో బిల్లు కొట్టే అతను వచ్చినప్పుడు నాగేందర్ కావాలనే ఇంటి దగ్గర ఉన్నాడు. ఆమె ఎప్పటిలాగా కాగితం కింద చూసి, నిలబడు కొడుకా, సల్ల తాగి పో అంటుందని, ఆ మాట వింటే తన గుండెల్లో బరువు కొంత దిగుతుందని ఆశపడ్డాడు.

సాయవ్వ కాగితం అందుకుంది. కిందికి చూసింది. చాలాసేపు చూసింది. బొటనవేలితో అక్కడ ఒకసారి రాసి, మళ్లీ చూసింది. బిల్లు కొట్టే అతను పక్కింటికి పోయాడు. ఆమె గడప దిగి నాగేందర్ దగ్గరికి వచ్చి కాగితం చేతిలో పెట్టింది.

"నాకైతే సున్నా లెక్కనే కొడుతున్నది బిడ్డా," అంది. "నువ్వు జర జూసి చెప్పు. సున్నానేనా?"