నడిమి మనిషి

ఫోటోలో ముగ్గురుంటేనే బొమ్మకు నిండుదనం అని నేనే కనిపెట్టినట్టు చెప్పుకుని తిరిగిన రోజులవి. ఇద్దరైతే పోట్లాడుకుని నిలబడినట్టుంటారు, నలుగురైతే కిరసనాయిలు అంగడి ముందు వరుసలా ఉంటుంది. ముగ్గురిలో నడిమి మనిషిని కూర్చోబెట్టి, చెరో పక్క ఒకరిని నిలబెడితే చూసే కన్ను ఎటూ జారిపోదు. అప్పటికి మన రాజధాని కర్నూలు. నేను జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఒక డబ్బా కెమెరా, కొట్టుగదిలో రెండు పళ్లేల మందునీళ్లు, ఎర్రకాగితం చుట్టిన లాంతరు ఉన్నాయి కదా, ఇక నన్ను పట్టేవాళ్లు లేరు.

మా అత్తవారిది ప్రొద్దుటూరు. నా భార్యకు ఏడో నెలలో అక్కడే సీమంతం చేశారు. పూలజడ వాడకముందే వరండాలో పీట వేసి ఆమెను కూర్చోబెట్టాను. కుడిపక్క పులివెందుల నుంచి వచ్చిన వదిన, ఎడమపక్క పెళ్లికాని మరదలు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ అచ్చం నేను కోరుకున్నట్టు కుదిరారు. మా అత్త మాత్రం వంటింటి గడప దాటలేదు. మామ పోయినప్పటి నుంచి ఆమె శుభకార్యాల్లో నలుగురి ముందుకు వచ్చేది కాదు. నాతో నేరుగా మాట్లాడిందీ లేదు. అల్లుడికి చెప్పాల్సింది తలుపు చాటు నుంచి కూతురికి చెప్పేది, నేను వినేవాణ్ణి. కెమెరాను పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. సరిగ్గా అప్పుడే పక్కన ఏదో తెల్లగా కదిలినట్టయింది.

ఇద్దరమూ జమ్మలమడుగు వచ్చాక రీలు కడిగి చూస్తే ఒళ్లు మండిపోయింది. కుడి అంచున మా అత్త ఉంది. పరుగున వచ్చినట్టుంది, మనిషంతా చెదిరిపోయింది, ముఖం సగమే పడింది. అంత చక్కటి బొమ్మకు ఈ మరక ఏమిటని నాకు తిక్క లేచింది. నల్లకాగితాన్ని సన్నగా పట్టీలా కత్తిరించి తుమ్మబంకతో నెగెటివ్ అంచున అంటించేశాను. ఆ మేర వెలుతురు దిగదు, ప్రింటులో అక్కడ తెల్లగా మిగులుతుంది, దాన్ని కత్తెరతో తీసేస్తే సరి. ఆమె ఎందుకు పరిగెత్తి వచ్చిందో అడగాలని మాత్రం తోచలేదు.

మెప్పుకోసం ఆ ప్రింటు నా భార్య చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"మా అమ్మ యాడ?"

"కదిలింది. బాగాలేదని తీసేసినా."

"తీసేసినారా?" ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ముగ్గురు ఫోటో దిగితే నడిమి మనిషి దక్కదంటారు. అందుకే గదా ఆయమ్మ ఉరుక్కుంటా వచ్చి నిలబడింది! ఇప్పుడు నడిమిది నేనే."

నేను నవ్వాను. వెలుతురు గురించి, అది తగిలితే నల్లబడే వెండి ఉప్పు గురించి క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆమె కూడా క్లాసులో పిల్లలు విన్నట్టే వింది. ఆ ఫోటోను బోర్లించి ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. ఆ నాటి నుంచి తిండి తగ్గింది. ఉన్నట్టుండి చేతిలో పని ఆపి, గోడకు ఆనుకుని నిలబడిపోయేది. చెల్లెలికి ఏ చీర ఇవ్వాలో, కమ్మలు ఎవరికి పోవాలో మెల్లగా నాతో చెప్పడం మొదలుపెట్టింది. కసురుకున్నాను. కసురుకుని కొట్టుగదిలోకి పోయి ఆ నెగెటివ్ తీసి మళ్లీ మళ్లీ చూసుకునేవాణ్ణి. నమ్మకం ఏ మాత్రం లేని మనిషికి అంత భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాన్పు పుట్టింట్లో కావాల్సిందే కానీ, డాక్టరమ్మ ఉన్నది మా ఊళ్లో కాబట్టి మా అత్తే మా ఇంటికి వచ్చింది. నెలలు నిండకముందే నొప్పులు మొదలైతే ఆసుపత్రిలో చేర్చాము. ఆ పగలు గడిచింది, రాత్రి గడిచింది, మర్నాడు పొద్దెక్కినా తెమలలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి ధైర్యంగా ఉండమంది. ఆ మాటతోనే నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

ఆసుపత్రి ఆవరణలో నిలబడ్డాను. మా అత్త చెంగు తలమీదికి లాక్కుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. తలుపు లేదు, చాటు లేదు. ఆమె గొంతు నావైపు తిరిగి రావడం అదే మొదలు.

"నన్ను ఎందుకప్పా తీసేసినావు?"

బొమ్మ కదిలిందని చెప్పబోయాను, ఆమె ఆగలేదు.

"అది లోపల అదే అంటాండాది. ముగ్గురమే ఉండాము, నేను పోతాన్లే అని కండ్లు మూసుకోనుండాది. బలం పెట్టమంటే పెట్టడంల్యా. నేను ఎంత చెప్పినా ఇనడంల్యా. పో నాయనా. నన్ను మళ్లా ఆడ పెట్టు."

పరిగెత్తాను. ఎండకు నాపరాళ్లు కాలుతున్నాయి, చెప్పులు ఆసుపత్రి దగ్గరే మరిచానని ఇంటికి వచ్చాక తెలిసింది. నెగెటివ్ తీసి చూస్తే బంక రాయిలా బిగుసుకుంది. లాగితే బొమ్మ ఉన్న పొర లేస్తుంది. పొర లేస్తే అత్త ఉండదు. నీళ్లలో నానబెట్టి, గోటి కొసతో కొంచెం కొంచెంగా కదిలించాను. పాఠం చెప్పినవాణ్ణి నేనేనా అన్న సిగ్గు కూడా ఆ వేళ రాలేదు, భయమే ఉంది. కాగితం వచ్చేసింది. దానితో పాటు అత్త చెవి దగ్గర చిన్న తునక లేచిపోయింది. తడి నెగెటివ్ మీద కాగితం పెడితే రెండూ అతుక్కుంటాయి, ఆరాలి. వాకిట్లో నిలబడి దాన్ని గాలికి పట్టుకున్నాను. వీధిలో ఎవరి అడుగు వినపడినా ఆసుపత్రి నుంచి కబురేమోనని తలెత్తి చూశాను.

ఆరింది. కిటికీకి కంబళి కట్టి ప్రింటు మందునీళ్లలో వేశాను. ముందు తలుపు నలుపు తేలింది, తర్వాత ముగ్గురి జడలు వచ్చాయి. అత్త రాలేదు. తెల్లచీర కదా, తెల్లకాగితం మీద చివరికి గానీ తేలదు. అది నాకు బాగా తెలుసు. తెలిసినా ఆగలేకపోయాను. పళ్లెం కదుపుతూ రా తల్లీ, రా తల్లీ అని పైకే అన్నాను. అప్పుడు వచ్చింది. సగం ముఖం, చెదిరిన కొంగు, కూతురివైపు చాచిన చెయ్యి.

నీళ్లు కారుతున్న ప్రింటుతోనే ఆసుపత్రికి పరిగెత్తాను, అత్త దాన్ని నా చేతిలోంచి లాక్కుని లోపలికి పోయింది. నేను కాన్పుగది గోడ పక్కనే కూలబడ్డాను. లోపల నా భార్య అరిచింది. అంతవరకు ఆమె అరవనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. చాలాసేపటికి పిల్ల ఏడుపు వినిపించింది.

మా అత్త గుమ్మం దగ్గరికి వచ్చింది. "తల్లి?" అన్నాను.

"ఉండాది. నలుగురమూ ఉండాము."

కొన్నేళ్లకు అత్త ప్రొద్దుటూరులోనే కన్నుమూసింది. ఆమెకు వేరే ఫోటో లేదు. ఆమె ఒక్కదాన్నే విడదీసి, లేని సగం ముఖం కుంచెతో దిద్ది, పెద్దది చేసి ఇస్తానని అక్కడి స్టూడియో ఆయన అన్నాడట. వదిన పులివెందుల నుంచి ఆ నెగెటివ్ కోసమే వచ్చింది. నేను ఇవ్వనన్నాను.

"ఏమప్పా, దండేసుకునేదానికి మా అమ్మ పటం ఇంట్లో ఉండొద్దా?"

"ఆయమ్మను తీస్తే మిగిలేది ముగ్గురే."

సైన్సు అయ్యవారివి నువ్వేనా అని ఎగతాళి చేస్తుందనుకున్నాను. వదిన నా భార్య ముఖం చూసింది, నా కూతురి ముఖం చూసింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఫోటోనే ఉన్నదున్నట్టుగా పటం కట్టించాను. బతికున్నవాళ్లున్న పటానికి దండ వేయరు. అందువల్ల మా అత్తకు ఈ రోజుకూ దండ పడలేదు. తద్దినం నాడు నా భార్య అద్దం తుడిచి, కుడి అంచున కాసేపు వేలు ఆనించి నిలబడుతుంది. చట్రం చెక్క ఆ అంచు మీదికి జరగలేదు కదా అని నేను ఆమె వెనకనుంచి చూసుకుంటాను.