పాలు పోసిన తొట్టి

ఉప్పు నీళ్ళ వాసన వస్తే సముద్రం గుర్తొస్తుందని అందరూ అంటారు. నేను సముద్రం చూసినదాన్ని కాదు. పోయిన నెల అశోక్ నగర్‌లో ఒకరి హాల్లో అడుగు పెట్టగానే ఉప్పూ, తడి రాయీ, గాజు అతికించిన జిగురూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. దానితో నాకు వచ్చింది కోపం. చిన్నప్పుడు మింగినది, ఇన్నేళ్ళయినా అరగనిది.

స్వప్న నా కూతురి కూతురు. పెద్ద ఇళ్ళలో గోడంత గాజు తొట్లు నిలబెట్టి, వాటిలో సముద్రపు చేపలనూ పగడాలనూ బతికించి ఇవ్వడం దాని పని. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గొణుగుతున్నానని ఆ రోజు నన్నూ వెంట తీసుకుపోయింది. కొత్త చేప ఉన్న సంచీని అది గభాలున తొట్టిలో గుమ్మరించలేదు. మూతి కట్టినది కట్టినట్టే నీళ్ళ మీద తేలేసింది, కొంతసేపయ్యాక మూతి విప్పి సన్నటి గొట్టంతో తొట్టి నీళ్ళను ఒక్కో చుక్కా దానిలోకి వదిలింది, ఆ చుక్కలు పడుతుండగానే చెయ్యి లోపల పెట్టి పగడాలు లేని రాళ్ళన్నీ అటివి ఇటు జరిపింది. ఎందుకలా అని ఆ ఇంటావిడ అడిగితే ఇలా చెప్పింది.

"పాత చేపలు తలా ఒక రాయి నాదంటే నాదని పట్టుకొని కూసున్నయ్ మేడమ్. జర జరిపితే అన్నిటికీ ఇల్లు కొత్తదే అయితది. కొత్తదాన్ని కొట్టయ్."

"అబ్బ, ఎంత తెలివండీ! ఎక్కడ నేర్చుకున్నారు?"

"పుస్తకాల్ల చదివిన."

పుస్తకాల్లో! నేను నేల మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఆ తెలివి మా నాయనది. ఆయన ఏ పుస్తకమూ ముట్టలేదు, ముట్టినా చదవలేడు. ఆ తెలివి చూపించినందుకు ఇదే అశోక్ నగర్‌లో ఆయనను ఏమన్నారో చెప్తాను వినండి. నేను చెప్తున్నాను, స్వప్న రాస్తోంది. "మెల్లగ చెప్పు అమ్మమ్మా" అంటోంది. మెల్లగా చెప్పే సంగతి కాదిది.

మాది చిక్కడపల్లి వెనక, లోయర్ ట్యాంక్ బండ్ వైపు దిగే గల్లీలో రేకుల ఇల్లు. మేము గంగపుత్రులం. మా నాయన అంజయ్య తెల్లారకముందే హుస్సేన్ సాగర్ మీదికి పోయి వల వేసేవాడు, పొద్దెక్కే వేళకు మోకాళ్ళ దాకా బురదతో, చెవి మీద సగం కాల్చిన బీడీతో తిరిగొచ్చేవాడు, మా అమ్మ ఆ చేపలను గంపకెత్తి గాంధీనగర్ దాకా నడిచి అమ్మేది. ఎండాకాలం కట్ట మీది గాలి మా గల్లీలోకి దిగినప్పుడు చెరువు వాసనా, ఎండుచేపల వాసనా, మూలమీది ఇరానీ హోటల్లో మరిగే చాయ్ వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. మృగశిర కార్తె నాడు ఊరంతా చేప తినాల్సిందే కాబట్టి ఆ రోజు మా ఇంటి ముందు నిలబడడానికి జాగా ఉండేది కాదు, అందరికీ అమ్మగా మిగిలిన తలకాయలతో అమ్మ మామిడికాయ వేసి పులుసు పెడితే జొన్నరొట్టెతో నాలుక చురుక్కుమనేదాకా తినేవాళ్ళం, తిని అరుగు మీద గచ్చకాయలు ఆడుకుంటుంటే వేళ్ళకంటిన పులుసు వాసన కాయలకు కూడా అంటుకునేది.

మా నాయనకు ఒక పిచ్చి ఉండేది. వలలో పడ్డ రంగురంగుల చిన్న చేపలను అమ్మనిచ్చేవాడు కాదు. పెరట్లో వరుసగా మట్టికాగులు పెట్టి, వాటిలో వేసి, అన్నం తిన్నాక గంటలు గంటలు కాగుల మీదికి వంగి కూర్చునేవాడు. ఎవరితో ఎవరికి పడుతుంది, ఎవరు పైన తిరుగుతారు, ఎవరు అడుగున ఉంటారు, ఎవరు పక్కవాళ్ళ తోకలు కొరుకుతారు, అన్నీ చూసేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

"గీడు సూడు బిడ్డా, పొగరుబోతు. గీన్ని ముందు ఏసినవనుకో, కాగంత నాదే అంటడు. భయపడేటోళ్ళను ముందు ఏసి కుదురుకోనియ్యాలె. పొగరుబోతు ఆఖర్ల రావాలె, కొత్తోని లెక్క తల వంచుకోని రావాలె."

మా అమ్మ గంప దించుతూ నవ్వేది. "నన్ను గూడ గట్లనే మీ అమ్మ ఇంట్ల ఆఖర్ల దెచ్చినవ్. నేనేం తల వంచిన్నా?"

అశోక్ నగర్‌లో కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరుగారు ఉండేవారు. అమ్మ వాళ్ళింటికి చేపలు ఇచ్చేది కాదు, వాళ్ళు తినరు. నాయన కాగుల సంగతి ఎవరో చెప్పగా ఆయనే కబురు పంపారు. హాల్లో ఇనుప చట్రానికి గాజులు బిగించి, సందుల్లో లప్పం పెట్టి, మనిషి పడుకునేంత తొట్టి కట్టించారు. తడి లప్పం వాసన ఆ ఇల్లంతా ఉండేది. బొంబాయి నుంచి రైల్లో డబ్బాల్లో చేపలు వచ్చాయి. ఏవి వేయాలి, ఎలా వేయాలి అన్నది నాయన పని. అందుకు కూలి వద్దన్నాడు. బదులుగా ఒక్కటి అడిగాడు. ఇంజనీరుగారి భార్యకు నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడి పెద్దపంతులమ్మతో చుట్టరికం. నన్ను ఆ బడిలో చేర్పించాలి.

అమ్మగారు నవ్వుతూ ఒప్పుకుంది. "దానికేం భాగ్యమయ్యా! బళ్ళు తెరవగానే నేనే స్వయంగా తీసుకెళ్ళి కూర్చోబెడతాను."

ఆ ఏడు ఊళ్ళో తెలంగాణ కోసం గొడవలు. బళ్ళు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. నాకు తొమ్మిదో ఏడు. నాయన కోఠి నుంచి చెక్క చట్రం పలక తెచ్చాడు. పక్కింటి అక్క అచ్చులు దిద్దిస్తుంటే ఋ దగ్గర నా వేలు మెలి తిరగక ఆగిపోయేది. బడిలో నేర్పుతారులే అనుకున్నాను. పలకను రోజూ బొగ్గూ ఆకురసమూ పెట్టి రుద్ది నల్లగా మెరిపించి దిండు కింద పెట్టుకునేదాన్ని.

బొంబాయి చేపలు నాయనకూ కొత్తవే. అందుకని వాటినీ కాగుల్లో వేసి చూశాడు. పులిచారల చేపలు ఉండేవి, కళ్ళు తిప్పుకోలేనంత అందం. ఇంజనీరుగారికి అవంటే ప్రాణం. మూడో రోజుకల్లా అవి రెక్కల చేపల పొడుగు రెక్కలను పీలికలు చేశాయి.

"ఇవి వద్దు దొరా," అన్నాడు నాయన. "అందంగున్నయ్ గని పక్కోన్ని బతకనియ్యయ్."

"ఏవిటయ్యా, నాకు నచ్చినవే వద్దంటావు?"

"మీకు నచ్చుడు కాదు దొరా, ఒకదానికొకటి నచ్చాలె."

చివరికి నాయన మాటే నెగ్గింది. ముందు నల్ల చేపలు, అవి కుదురుకున్నాక అడుగున తిరిగే మీసాల చిన్నవి, పది రోజులు ఆగి ముత్యాల చుక్కల చేపలు, అన్నిటికన్నా ఆఖరున రెక్కల చేపలు. ప్రతిసారీ కొత్త వాటిని చిన్న కుండలో తెచ్చేవాడు, ఆ కుండను తొట్టిలో తేలేసి, కొబ్బరిచిప్ప గరిటెతో తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కుండలో పోసేవాడు. గరిటె పట్టడం నా పని. "నీళ్ళకూ నీళ్ళకూ దోస్తీ కానియ్," అనేవాడు. ఈలోగా తను రాళ్ళు జరిపేవాడు. సాయంత్రం వెలుగు తగ్గే వేళకు కుండను నెమ్మదిగా పక్కకు వంచితే, చేపలు వాటంతటవే, ఎవరో పిలిచినట్టు, బయటికి వచ్చేవి. రెండు నెలలు ఒక్క చేప చావలేదు, ఒక్క తోక చినగలేదు. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసిపోయేవాళ్ళు. పోయేటప్పుడు నాయన ప్రతిసారీ ఒకటే మాట అమ్మగారికి చెప్పేవాడు: "ఈ నీళ్ళల్ల ఏమీ ఎయ్యకుండ్రి తల్లీ. మెతుకు గూడ."

శ్రావణంలో బళ్ళు తెరిచారు. వరలక్ష్మి వ్రతం శుక్రవారం, నన్ను బడికి తీసుకుపోయేది సోమవారం.

ఆ శుక్రవారం చేపలకు మేత వేయడానికి నేనొక్కదాన్నే పోయాను. ఇల్లంతా మామిడాకులు, నెయ్యి, పూర్ణం బూరెలు, ముత్తైదువుల పట్టుచీరల్లో కర్పూరం వాసన. అమ్మగారు పూజ ముగించి, వెండి చెంబు నిండా పాలతో తొట్టి దగ్గరికి వచ్చింది. గాజుకు బొట్లు పెట్టింది. చిటికెడు పసుపు, కుంకుమ, అక్షతలు నీళ్ళలో చల్లింది. చెంబు ఎత్తింది.

నేను అడ్డం పోయాను. "అమ్మగారూ, పాలు పోయొద్దు! మా నాయన ఏమీ ఎయ్యొద్దన్నడు."

ఆవిడకు కోపం రాలేదు, అదే నాకు మండుతుంది. నవ్వింది. "గంగమ్మ తల్లి మా ఇంటికి వచ్చిందే పిచ్చిపిల్లా. పాలు పోయకుండా ఎలా ఉంటాం?"

సోఫాలో కూర్చున్న ఒకావిడ అంది: "చేపల వాళ్ళ పిల్ల మనకి పూజ నేర్పుతోందర్రా!"

అందరూ నవ్వారు. చెంబు ఒంగింది. తెల్లటి మబ్బు ఒకటి నీళ్ళలోకి దిగి రాళ్ళ మధ్య నెమ్మదిగా పరుచుకోవడం నేను చూశాను. నా చేతిలో ఒక బూరె పెట్టి పంపారు. ఇంటికి వచ్చి నాయనకు చెబుదామంటే, చుట్టాల పెళ్ళని పొరుగూరికి పోయాడు, తెల్లారి గాని రాలేదు.

వచ్చేసరికి కబురు సిద్ధంగా ఉంది. ఇద్దరం ఉరికాం. తొట్టి మీద అన్నీ తేలి ఉన్నాయి. నల్లవి, మీసాలవి, ముత్యాలవి, రెక్కలవి, బతికినప్పుడు పోట్లాడనివి చచ్చినప్పుడు కూడా ఒక మూలకే చేరి ఉన్నాయి. నీళ్ళు పలచటి మజ్జిగలా ఉన్నాయి. పులిసిన కంపు.

"రోగం చేపలు అంటగట్టావయ్యా!" ఇంజనీరుగారు అరిచారు. "పులిచారలవి వేద్దామంటే నాకు నీతులు చెప్పావు. పండగ పూట ఇంట్లో ఇన్ని చావులా! చేతకాకపోతే చేతకాదని చెప్పాల్సింది."

నాయన దోసిటితో నీళ్ళు తీసి వాసన చూశాడు. ఆయనకు తెలిసిపోయింది. గాజు మీది బొట్లు చూశాడు. తలుపు పక్కన నిలబడ్డ అమ్మగారిని చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది, దించుకుంది కానీ నోరు తెరవలేదు. నేను తెరిచాను. "నాయనా, నిన్న..." అనేలోగా ఆయన తడి చెయ్యి నా నోటి మీద పడింది. ఆ పులిసిన పాల వాసన ఇప్పటికీ నా పెదాల మీదే ఉంది.

"నాదే తప్పు దొరా," అన్నాడు మా నాయన. "చేపలు మంచియి కావు."

గల్లీ మలుపు తిరిగాక నేను ఆయన చేతిని కొరికాను. అబద్ధం ఎందుకు చెప్పావని ఏడ్చాను. నేను కొరికిన చోటును ఆయన తుడుచుకోలేదు. "వ్రతం నాడు ఆమె చేతుల మీదికెల్లి పోయినయని మొగని ముందర అంటే ఆమె ఊకుంటదా? సోమవారం నిన్ను బడికి తీస్కపోతదా? ఒక్క మాట నేను పడితే నువ్వు సదువుకుంటవు బిడ్డా."

సోమవారం తల దువ్వుకుని, పలక పట్టుకుని, పొద్దున్నే పోయి వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాను. ఎండెక్కాక అమ్మగారు వచ్చింది. గేటు తెరవలేదు. "మీ నాన్న మీద ఆయన చాలా కోపంగా ఉన్నారమ్మా. ఏ మొహంతో సిఫారసు చేయమంటావు?" అంది. మెత్తగానే అంది. ఆ మెత్తదనాన్ని నేను క్షమించలేదు. తను పోసిన పాలకు మా నాయన పడ్డ మాటను సాకుగా చూపించింది. పెద్దింటి వాళ్ళ ఊతం లేని మాలాంటి వాళ్ళకు ఇంకో బడి తలుపు ఎవరు తడతారు? నాయన మరుసటి వారం కాగులన్నీ బోర్లించాడు, మళ్ళీ వాటి మీదికి వంగలేదు. నేను గంపెత్తాను.

పెళ్ళయ్యాక బస్సు బోర్డులు మా ఆయన చదివేవాడు. ఆయన పోయాక, ఇది ఎక్కడికి పోతుంది నాయనా అని రోడ్డు మీద ప్రతివాణ్ణీ అడుక్కోవాలి. అడిగిన ప్రతిసారీ నాకు ఆ వెండి చెంబు కనిపిస్తుంది.

ఆ రోజు స్వప్న పని అయ్యాక ఇంటికి వస్తూ ఆటోలో ఇదంతా చెప్పాను. అది వారం తర్వాత మళ్ళీ నన్ను అదే ఇంటికి తీసుకుపోయింది. ఇంజనీరుగారి ఇల్లుండే వీధి అదేనని అప్పుడు ఆనవాలు పట్టాను, ఇప్పుడు అక్కడ మూడు అపార్టుమెంట్లున్నాయి, ఆ గేటు ఎక్కడుండేదో కూడా తెలియదు. మా రేకుల ఇల్లు లేదు, సాగర్‌లో మా వాళ్ళ వలలు లేవు, కాగులు పెట్టుకునే పెరడే ఎవరికీ లేదు. తొట్టిలో మాత్రం పసుపుపచ్చ చేప ఒకటి, స్వప్న ఆఖరున వేసిన పొగరుబోతు, తల వంచుకుని తిరుగుతోంది.

స్వప్న సంచీలోంచి ఒక కాగితం తీసి గాజు మీద అతికించింది. ఇంటావిడ దాన్ని పైకి చదివింది: "ఈ నీళ్ళలో ఎవరూ ఏమీ వేయరాదు, పోయరాదు." చదివి, "అలాగేనండీ" అని తల ఊపింది. అంతే. ఎదురు మాట లేదు, నవ్వు లేదు. మా నాయన రెండు నెలలు రోజూ నోటితో చెప్పిన మాట, నేను అడ్డం పడి అరిచిన మాట, కాగితం మీదికి ఎక్కేసరికి చెల్లిపోయింది.

"కింద ఇంకేదో పేరుందే, ఎవరిది?" అని ఆవిడ అడిగింది.

"మా ముత్తాత," అంది స్వప్న. "అంజయ్య."

నేను దగ్గరికి పోయి చూశాను. మొదటిది అ. అది నాకు వచ్చు, పలక మీద దిద్దాను. దాని పక్కన సున్నా కూడా పోల్చుకున్నాను. ఆ తర్వాత ఉన్నవి మా నాయన పేరులో మిగిలిన అక్షరాలు, ఏది ఏదో నాకు తెలియదు, తెలియకుండా చేసినవాళ్ళ మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.