ఆముదం పోసిన మిషను

మొన్న వనపర్తిలో పాత సామాన్ల దుకాణం నుంచి తెచ్చిన చేతి కుట్టుమిషను విప్పగానే గడ్డకట్టిన ఆముదం వాసన ముక్కుకు కొట్టింది. పాత మిషన్లు బాగుచేసి ఇంటినిండా పెట్టుకోవడం నా పిచ్చి అంటారు మావాళ్లు. అననీయండి, పేకాట కంటే మేలే. ఆ వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ లేచి చేతులు తోముకుంటాను.

నిజాం కాలంలో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, మా నాయిన రాయచూరు నుంచి గద్వాలకు అమ్మ కోసం ఒక మిషను తెచ్చాడు. చలికాలం పొద్దుల్లో, వాకిట్లో ఎండబోసిన ఆముదపు కాయలు చిటపట పేలుతుంటే, అమ్మ అరుగు మీద చాప పరిచి పిడి తిప్పేది, నేను వేడి జొన్నరొట్టె నములుతూ బట్ట మీద కుట్టు పరుగెత్తడం చూసేదాన్ని. నాయనమ్మకు అది గిట్టదు. అప్పుడే మా మేనత్తకు పెండ్లి కుదిరింది. "నా బిడ్డ పెండ్లి రవికెలు ఏడూ నువ్వే కుట్టు, చూస్త. కాకుంటే మిషను బజారుల దర్జీకి పోతది" అంది. తల్లి మాటకు నాయిన ఎదురు చెప్పే మనిషి కాదు.

నాలుగు రవికెలయ్యాక మిషను కీచుమంది. బండి కీచుమంటే ఇరుసుకు ఆముదం పెట్టాలని మా ఇళ్లలో పాలు తాగే పిల్లకూ తెలుసు. అమ్మ నీళ్లకు పోయినప్పుడు కనిపించిన ప్రతి రంధ్రంలోనూ పోశాను. వారం రోజులు వెన్నలా తిరిగింది, ఆరో రవికె కూడా అయింది. తర్వాత చలి ముదిరింది. పెండ్లి రెండు రోజులుందనగా ఆముదం బంకై చక్రం బిగుసుకుపోయింది.

"నేనేం జేసిన్నే దీన్ని? మెల్లగనే తిప్పిన గదా" అని అమ్మ నన్నే అడిగింది.

"నాకు తెల్వదు" అన్నాను.

"మొగుడు ముద్దుకు తెస్తే మొండిచేత్తో ఇరగ్గొట్టినవా, రాణీ?" అంది నాయనమ్మ.

దర్జీ వచ్చి మోసుకుపోయేదాకా, ఎవరైనా నా చేతులు వాసన చూస్తారేమోనని ఇసుకతో తోముకుంటూనే ఉన్నాను. ఎవరూ చూడలేదు.

అమ్మ మళ్లీ సూది ముట్టలేదు. ఎవరైనా రవికె గుడ్డ తెస్తే "నా చెయ్యి మంచిది గాదు, ఇనుమునే చెడగొట్టిన" అనేది. పిల్లలకేం తెలుస్తుందనకండి, నాకు తెలుసు. కాలేజీలో వాదించి మేష్టర్లనే నోరు మూయించినదాన్ని, ఆ ఒక్క మాట అనలేకపోయాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఇరుసుకు ఆముదం అడిగే బండ్లు లేవు, అమ్మా లేదు. నాలుగు చుక్కలు గ్యాసునూనె, అదే కిరసనాయిలు, వేసి గంట ఆగితే ఎంతటి బంకైనా వదులుతుందని నేను మిషన్ల పని మొదలుపెట్టిన మొదటి రోజే తెలిసింది. అప్పటికి అమ్మ బతికే ఉంది. ఆ రోజు కూడా చెప్పలేదు.