పెళ్ళికొడుకును మింగిన బోదురుకప్ప

ఎనభైల్లో ఒక ఏడాది ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో తొలకరి మొహం చాటేసింది. మా మేనత్త అప్పటికే ఒకసారి పత్తి గింజలు పెట్టి, మొలకలన్నీ ఎండకు మాడ్చుకుంది. ఇంట్లో ఇంకొక్క సంచి మిగిలింది. అదీ పోతే ఆ ఏడు చేను బీడే. ఆడవాళ్ళందరూ వాన కోసం కప్పల పెళ్ళి చేద్దామన్నారు. పెళ్ళయిన పూటే గింజ పెట్టేస్తానంది అత్త.

ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసిన నాకు కప్పలు తెచ్చే ఉద్యోగం దొరికింది. వాగు మడుగులో మిగిలిన బురదలోంచి రెండు బోదురుకప్పల్ని పట్టుకొచ్చాను. పెద్దది పెళ్ళికొడుకు, చిన్నది పెళ్ళికూతురు అని నేనే తేల్చేసి, రెంటినీ ఒకే కుండలో వేసి మూతికి గుడ్డ కట్టాను. వాటిలో ఆడదే పెద్దదనీ, నోట్లో పట్టేదైతే తన జాతినైనా మింగేస్తుందనీ నాకేం తెలుసు?

పొద్దున గుడ్డ విప్పితే ఒక్కటే ఉంది. దాని నోట్లోంచి రెండోదాని కాలు వేలాడుతోంది. ముందుకాళ్ళతో తోసుకుంటూ, గుటక వేసినప్పుడల్లా కనుగుడ్లను తలలోకి దించుకుంటోంది. ఆ కళ్ళతోనే తిండిని గొంతులోకి నెట్టుకుంటుందని తర్వాతెప్పుడో ఒక సైన్సు మాస్టారు చెప్పారు.

"అత్తా, పెళ్ళి సంగతేమో గానీ భోజనాలు అయిపోయినయ్!"

"ఏడిశావులే! రెంటినీ ఒక్క కుండలో ఎయ్యమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"కొత్త జంటకి రెండు కాపరాలెందుకని..."

అత్త గింజల సంచి మీద చెయ్యేసుకుని గుమ్మంలో కూలబడింది. నా జోకు నాకే చేదుగా తగిలింది. కాసేపటికి తనే లేచి, "ఒకటుందిగా, కప్పతల్లిని ఊరేగిద్దాం పదండి" అంది.

రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి ఇంటింటికీ తిప్పారు. ప్రతి గడపలోనూ దానిమీద చెంబెడు నీళ్ళు పోశారు. కప్ప నోటితో తాగదు, ఒంటితోనే పీల్చుకుంటుంది. ఊరు మొత్తంలో ఆ రోజు దాహం తీరింది దానికొక్కదానికే.

తర్వాత నేనూ అత్తా దాన్ని మడుగులో వదలడానికి వెళ్ళాం. అత్త చంకలో సంచి ఉంది, అట్నుంచటే చేలోకి పోవాలని. కప్ప ఒక్క గెంతూ వెయ్యలేదు. వెనక కాళ్ళతో బురద తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోయింది. ముందు నడుము, తర్వాత వీపు, ఆఖరికి కళ్ళు.

అత్త ఆ చోటునే చాలాసేపు చూసింది. "వానొచ్చేదైతే ఇదెందుకురా లోపలికి పోద్ది?"

"ఒళ్ళు ఆరకుండా చూసుకుంటుందేమోలే అత్తా."

కప్పకు వాన కబురు ముందే తెలుస్తుందని నేనిప్పటికీ అనను. ఉన్న కాస్త తడినీ కాపాడుకోవడం మాత్రం దానికి తెలుసు. అత్త సంచి నా నెత్తిన పెట్టి, చేను వైపు కాకుండా ఇంటి వైపు నడిచింది.

ఆ వారం గింజ పెట్టినవాళ్ళకు ఒక్క మొలకా రాలేదు. మూడు వారాల తర్వాత వాన పడ్డాక అత్త సంచి విప్పింది. "అప్పుడెందుకు ఆగావే?" అని ఎవరడిగినా మోకాళ్ళ నొప్పులనేది. ఊరందర్నీ ఆటపట్టించే నేను పక్కనే నిలబడి, "పాపం, లేవలేకపోయింది" అనేవాణ్ణి.